పియానో దగ్గర ఒక్కొక్కరే

ఉతికి ఇస్త్రీ చేసిన పరికిణీలు చేతుల నిండా మోసుకుంటూ ఎనిడ్ హోల్రాయిడ్ చర్చి వెనకున్న బడి గదిలోకి వచ్చింది. తలుపుని మోచేత్తో మూసి తలెత్తేసరికి ఎదురుగా నోటీసు బోర్డు మీద ఆ కాగితం కనబడింది. మంగళవారం సాయంత్రం. జూన్ నెల వచ్చినా బయట వాన సన్నగా పడుతూనే ఉంది. పాటలతో సాగే నాటకాలు ఆడే క్రాస్‌డేల్ లైట్ ఒపేరా సంఘం వారి ఈ ఏటి నాటకం అయిపోయి మూడు నెలలైంది. అద్దె దుస్తులు ఎప్పుడో వెనక్కి వెళ్ళిపోయాయి. సంఘానికి సొంతమైన పరికిణీలు మాత్రం ఏటా ఎనిడ్ చేతికే వస్తాయి, అవి ఇప్పటికి తెమిలాయి.

శుక్రవారం జరిగే వార్షిక సభకి కమిటీ పెడుతున్న తీర్మానం అది. వచ్చే ఏడాది నుంచి కోరస్‌లో పాడేవాళ్ళందరూ, ఎన్నేళ్ళ పాతవారైనా సరే, సంగీత దర్శకుడి ముందు పియానో దగ్గర నిలబడి ఒక్కొక్కరే పాడాలి. నెగ్గినవాళ్ళే వేదిక మీదికి. నెగ్గనివాళ్ళు పాడని సభ్యులుగా ఉండవచ్చు. టిక్కెట్లు చింపడం, టీ కాయడం లాంటి సేవలకి వారికి ఎప్పుడూ స్వాగతమే.

ఎనిడ్ కళ్ళు 'ఒక్కొక్కరే' అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. పరికిణీలు జారిపోబోతే గడ్డంతో అదిమి పట్టుకుంది.

మూడేళ్ళుగా ఎనిడ్ ఒక్క స్వరం పాడలేదు. మెడలో గడ్డ కోసి తీశాక మాట మిగిలింది, పాట పోయింది. ఆల్టోల వరసలో, అంటే ఆడవాళ్ళలో కింది గొంతులవాళ్ళు నిలబడే వరసలో, ఎడమ నుంచి మూడో చోటు ఆవిడది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే చోటు. ఈ మూడేళ్ళూ అక్కడే నిలబడి, ప్రతి మాటనీ పెదాలతో తప్పు లేకుండా పలికి, నవ్వవలసిన చోట నవ్వి, గాలి తప్ప మరేమీ బయటికి రాకుండా నెట్టుకొచ్చింది. ఆ సంగతి ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు.

"ఏంటే, అలా కొయ్యబారిపోయావ్? దయ్యం కనబడిందా?"

హెట్టీ క్లఫ్ గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. ఆల్టోల్లో నాలుగో చోటు హెట్టీది, అంటే ఎనిడ్‌కి కుడిపక్క. మనిషీ భారీ, గొంతూ భారీ. వీధి ఈ చివర మాట్లాడితే ఆ చివర కుక్కలు లేస్తాయి.

"ఇదా? పదకొండు రోజుల్నుంచీ ఉందిగా, ఇప్పుడా చూడటం!" అంది హెట్టీ బోర్డు వైపు చెయ్యి విసిరి. "మంచి పనే చేస్తున్నారు. మన నాటకం గురించి పేపర్లో వాడు రాసింది చదివావా? 'కోరస్ పల్చగా వినిపించింది' అట. పల్చగా! నేను నిలబడి ఉండగా!"

"అయితే నువ్వు చెయ్యెత్తుతావా?" ఎనిడ్ పరికిణీలు బల్ల మీద పెడుతూ అడిగింది.

"ఎత్తనా మరి? ఎత్తనివాళ్ళని చూసి ఏమనుకుంటారు? 'ఓహో, ఈవిడకేదో తేడా ఉంది' అనుకోరూ?" హెట్టీ ఒక పరికిణీ తీసి మడత చూసింది. "నీకేం, నీ గొంతు గురించి ఎవడు మాట్లాడతాడు? ముప్పై ఏళ్ళ సరుకు."

ఎనిడ్ నవ్వింది. ఆ నవ్వు కూడా వేదిక మీద నవ్వే నవ్వే.

బుధవారం మధ్యాహ్నం ఎనిడ్ పనిచేసే ఇస్త్రీ దుకాణానికి సెలవు. వంటింటి వెనక గిన్నెలు తోమే చిన్న గదిలోకి వెళ్ళి ఎనిడ్ తలుపేసుకుంది. కుళాయి తిప్పి నీళ్ళు పారనిచ్చింది. ముందు గదిలో ఆమె మొగుడు క్లిఫ్ రేడియోలో క్రికెట్ వింటున్నాడు. ఎనిడ్ తొట్టి అంచు పట్టుకుని, ఊపిరి నిండా పీల్చి, మార్చి నాటకంలో ఆల్టోలు అందుకునే మొదటి వాక్యం మొదలుపెట్టింది. మొదటి స్వరం రానే లేదు. రెండోది సగం వచ్చి చీలిపోయింది. మూడోది దేన్నో నేల మీద ఈడ్చినట్టు గరగరమంటూ బయటపడింది.

"ఎనిడ్, ఆ కుర్చీ ఎందుకు జరుపుతావ్? నేనొచ్చి జరుపుతాలే!" అని క్లిఫ్ ముందు గదిలోంచి కేక వేశాడు.

ఎనిడ్ కుళాయి కట్టేసింది. ఏడుపు రాలేదు. భయమొకటే. పియానో దగ్గర నిలబడి ఇదే చప్పుడు చేస్తుంది. దర్శకుడు ఇంగమ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. అందరూ పాపం అంటారు. ఆ తరువాత లెక్కలు వేసుకుంటారు: ఎప్పటి నుంచి? ఎన్ని నాటకాల నుంచి? మమ్మల్ని ఎన్నేళ్ళు మోసం చేసింది? పేపరువాడు పల్చన అన్నది ఈవిడ మూలానే కదా! ఆ ఊళ్ళో ఎనిడ్ అంటే ఇస్త్రీ దుకాణం మనిషి, ఒపేరా మనిషి. ఒపేరా తీసేస్తే మిగిలేది ఇస్త్రీ.

సభకి వెళ్ళకుండా ఉండిపోతే? ఆ దారీ లేదు. ఈ సంఘంలో సభ మొదలవగానే రానివాళ్ళ పేర్లు పైకి చదువుతారు. పేరు చదివిన తరువాత ఎవరెందుకు రాలేదో టీ తాగేలోపు తేల్చేస్తారు.

గురువారం ఉదయం దుకాణంలో ఆవిరి ప్రెస్సు ముందు నిలబడి ఎనిడ్ నల్ల ప్యాంటు ఒకటి పరిచింది. నాలుగు కుట్లూ ఒకదాని మీద ఒకటి కలిపి, ముడతని అరచేత్తో సర్ది, తడిబట్ట కప్పి, పై మూత దించి, కాలితో పెడల్ తొక్కింది. బుస్సుమని ఆవిరి లేచింది. ఈ పని ఆవిడ నిద్రలో కూడా చేస్తుంది. ఐదు లెక్కపెట్టి మూత ఎత్తడమే.

గంట మోగి తలుపు తెరుచుకుంది. వచ్చింది సంఘానికి కొత్త అధ్యక్షుడు రోలండ్ ప్రెస్ట్‌విచ్. ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు. పరీక్ష పెడితే బాగుపడనిదంటూ లోకంలో ఏదీ లేదని ఆయన గట్టి నమ్మకం. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎనిడ్‌కి కాస్త తేలిగ్గానే ఉండేది.

"నా సూటు రెడీయేనా, మిసెస్ హోల్రాయిడ్? రేపు సభకి వేసుకోవాలి."

"అదే చేస్తున్నానండీ. రెండే నిమిషాలు."

"తొందరేం లేదు." ఆయన కౌంటరు మీదికి వంగి గొంతు తగ్గించాడు. "మీతోనే ఒక మాట చెప్పాలనుకున్నాను. రేపు తీర్మానం వచ్చినప్పుడు మీలాంటి పాతవాళ్ళు ముందు చెయ్యెత్తితే మిగతావాళ్ళకి ధైర్యమొస్తుంది. పరీక్ష అంటే శిక్ష కాదు కదండీ!"

"కాదండీ" అంది ఎనిడ్.

"జాబితా కూడా రాసేశాను. సభ్యత్వం పాతదనాన్ని బట్టి. కోరస్‌లో అందరికంటే ముందు చేరింది మీరే. కాబట్టి మొదటి పేరు మీదే!" ఆయన బహుమతి ఇచ్చినట్టు నవ్వాడు. "వచ్చే నెల మూడో తారీఖు, ఏడు గంటలకి. మీరు దారి చూపించాలి."

మూత దించే ఉందన్న సంగతి, ఐదు దాటి పదీ, ఇరవై కూడా దాటిందన్న సంగతి, ఉన్ని కాగుతున్న వాసన ముక్కుకి తగిలితే గానీ తెలియలేదు. గబుక్కున ఎత్తింది. కాలింది కాదు గానీ మోకాలి దగ్గర నల్లటి గుడ్డ అద్దంలా మెరిసిపోతోంది. ఆయనకి కనబడకుండా వీపు అడ్డం పెట్టి, వెనిగర్‌లో ముంచిన గుడ్డతో అద్ది అద్ది మెరుపు చంపింది. ముప్పై ఏళ్ళలో ఒక ప్యాంటు పాడుచెయ్యడం ఇదే మొదటిసారి, అదీ ఈయనదే అయింది. సూటు సంచిలో పెట్టి ఇచ్చింది.

"అయితే రేపు కలుద్దాం" అంటూ ప్రెస్ట్‌విచ్ టోపీ పెట్టుకుని హాయిగా వెళ్ళిపోయాడు.

శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకి బడి గది కిటికీల్లోంచి ఎండ ఇంకా లోపలికి పడుతూనే ఉంది. ఆ సంఘంలో సభకి కూర్చోవడం కూడా గొంతుల వారీగానే. ముందు ఎడమ వైపు సొప్రానోలు, అంటే పై గొంతు ఆడవాళ్ళు. వాళ్ళ వెనక ఆల్టోలు. కుడి వైపు మగవాళ్ళు, పై గొంతు టెనర్లు ముందు, కింది గొంతు బేస్‌లు వెనక. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అలవాటు. ఎనిడ్ మూడో కుర్చీలో కూర్చుంది. పక్కన హెట్టీ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది, ఎందుకో ఈ రోజు నోరు పెద్దగా విప్పలేదు.

గోడ దగ్గర పియానో. దాని ముందు స్టూలు మీద సంగీత దర్శకుడు ఇంగమ్. ఆయన జీతానికి వచ్చే మనిషి కాబట్టి ఓటు లేదు. అడిగితే తప్ప మాట్లాడే హక్కు కూడా లేదు. గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

రానివాళ్ళ పేర్లు చదివారు. పోయినేటి సభ మినిట్స్ చదివారు. దుస్తుల నివేదికలో ఎనిడ్ పేరు చెప్పి చప్పట్లు కొట్టారు. ఆ తరువాత ప్రెస్ట్‌విచ్ లేచాడు, మెరుపు చంపిన ప్యాంటు వేసుకునే లేచాడు. పేపర్లో ముక్క చదివి వినిపించాడు. పల్చగా అన్న మాట రెండుసార్లు చదివాడు. తీర్మానం చదివాడు.

"ఎవరైనా మాట్లాడతారా?"

బేస్‌లలో ఒకాయన దగ్గి, దగ్గినందుకు క్షమాపణ చెప్పాడు.

"అయితే అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

ముందు రెండు చేతులు లేచాయి. తరువాత ఆరు. తరువాత వరసలకి వరసలే లేచాయి. తన చెయ్యి ఎప్పుడు లేచిందో ఎనిడ్‌కి తెలియలేదు. చూస్తే గాలిలో ఉంది.

మూడేళ్ళుగా పాడకుండా నిలబడ్డ మనిషికి పక్కవాళ్ళని వినడం తప్ప పనేముంటుంది? ఆ గదిలో ఎవరి గొంతు ఎక్కడ ఆగుతుందో ఎనిడ్‌కి తెలిసినట్టు ఇంగమ్‌కి కూడా తెలియదు. ముందు వరసలో నీలం టోపీ ఆవిడ పై స్వరం వచ్చిన ప్రతిసారీ నోరు మాత్రం తెరుస్తుంది. ఆవిడ చెయ్యి లేచే ఉంది. దగ్గినాయన రెండో చరణంలో మాటలు మరిచిపోయి గొణుగుతాడు. ఆయన చెయ్యీ లేచింది. టెనర్లలో విల్ఫ్ డక్‌వర్త్‌కి డెబ్భై రెండు. రిటైరైన బస్సు డ్రైవరు. పెళ్ళాం పోయాక వారానికి రెండు రాత్రులు ఈ గదికి రావడం తప్ప వేరే కాలక్షేపం లేని మనిషి. ఆయన గొంతు పైకి వెళ్ళడం మానేసి ఐదేళ్ళు. విల్ఫ్ చెయ్యి అందరికంటే పైకి లేచి ఉంది, మోచెయ్యి దగ్గర వణుకుతోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఇదేమిటి, అనుకుంది ఎనిడ్. అందరూ నాలాగే ఎత్తారు. ఎత్తకపోతే తెలిసిపోతుందని ఎత్తారు. తమ మెడకి తామే ఉరి తగిలించుకుంటున్నారు, అదీ నవ్వుతూ.

"ఏకగ్రీవంగా..." అంటూ ప్రెస్ట్‌విచ్ కలం తీశాడు.

ఎనిడ్ లేచి నిలబడింది. ఎందుకు లేచానా అని అప్పుడే అనిపించింది. ముందు కుర్చీ వీపు పట్టుకుంది.

"చీటీల మీద ఓటు పెట్టించండి" అంది.

అందరూ వెనక్కి తిరిగారు. కార్యదర్శి నిబంధనల పుస్తకం తిరగేసి, సభ్యుల్లో ఒకరు అడిగితే, మరొకరు బలపరిస్తే చీటీల ఓటు పెట్టవలసిందేనని చదివింది.

"ఎందుకండీ?" ప్రెస్ట్‌విచ్ నిజంగానే అర్థం కాక అడిగాడు. "అందరూ ఎత్తారు కదా! మీరు కూడా ఎత్తారు."

"ఎత్తాను. భయపడి ఎత్తాను."

"భయమా? మీకా? దేనికి?"

పారిపోవాలనుకుంటే తలుపు నాలుగడుగుల దూరంలోనే ఉంది. నీలం టోపీ ఆవిడ కళ్ళు పెద్దవి చేసి తననే చూస్తోంది. ఆవిడ ఎందుకు భయపడుతోందో ఎనిడ్‌కి తెలుసు. ఎక్కడ తన పేరు బయటపెడుతుందోనని.

"నేను పాడలేను" అంది ఎనిడ్. "ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ పాడలేదు. మూడేళ్ళుగా ఊరికే నోరు కదుపుతున్నాను. మూడు నాటకాలు అలాగే గడిపేశాను. ఇప్పుడు చెయ్యెత్తకపోతే మీ అందరికీ తెలిసిపోతుందని ఎత్తాను. అలా ఎత్తింది నేనొక్కదాన్నే కావచ్చు. మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు. చీటీలిస్తే ఎవరి మనసులో మాట వాళ్ళు రాసుకుంటారు, అంతే నేనడిగేది."

టీ నీళ్ళ బాయిలరు మూల నుంచి సన్నగా కూస్తోంది. హెట్టీ వైపు చూడటానికి ఎనిడ్‌కి ధైర్యం చాలలేదు.

"బలపరిచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది కార్యదర్శి.

ఎవరూ కదల్లేదు. ఎనిడ్ మనసులో అంకెలు లెక్కపెట్టుకుంది, ప్రెస్సు దగ్గర లెక్కపెట్టినట్టే. ఐదు అయింది. పది అయింది. అయిపోయింది, అనుకుంది. పరువు నా ఒక్కదానిదే పోయింది, పరీక్ష మాత్రం అలాగే ఉంది.

"నేను" అన్నాడు విల్ఫ్ డక్‌వర్త్. మళ్ళీ అన్నాడు. "నేను బలపరుస్తున్నాను. రాసుకో అమ్మాయ్."

మిగిలిపోయిన నాటకం ప్రోగ్రాముల వెనక పేజీలు చింపి చీటీలు చేశారు. ముప్పై ముగ్గురు చేతులడ్డం పెట్టుకుని, పరీక్షలో పిల్లల్లాగే రాశారు. విల్ఫ్ టోపీలో వేశారు. కార్యదర్శి, దగ్గినాయన కలిసి చీటీలు విప్పారు. వ్యతిరేకం, వ్యతిరేకం, వ్యతిరేకం, అనుకూలం, వ్యతిరేకం. కార్యదర్శి గొంతు చదువుతున్న కొద్దీ చిన్నదైపోయింది. చివరికి అనుకూలం నాలుగు, వ్యతిరేకం ఇరవై తొమ్మిది.

ఎవరూ ఎవరి ముఖాలూ చూసుకోలేదు. ప్రెస్ట్‌విచ్ ఆ అంకెలు రెండుసార్లు కూడి చూసుకున్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. పాపం, ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"సరే. తీర్మానం వీగిపోయింది" అన్నాడు. తరువాత కాగితాలు సర్దుకుంటూ, ఎనిడ్ వైపు చూడకుండా, "అయితే మిసెస్ హోల్రాయిడ్ స్వయంగా చెప్పిన విషయం ఒకటి మన ముందుంది. అది విన్నాక విననట్టు ఊరుకోవడం సంఘానికి... మర్యాద కాదేమో. అధ్యక్షుడిగా నేను ప్రతిపాదించకూడదు. సభ్యుల్లో ఎవరైనా ఏమైనా ప్రతిపాదిస్తారా?"

ఇరవై తొమ్మిది మంది గట్టెక్కారు, అనుకుంది ఎనిడ్. గట్టెక్కాక వెనక్కి తిరిగి ఒకదాన్ని నీళ్ళలోకి తొయ్యడం ఎంతసేపు? చేతులెత్తమంటే మళ్ళీ ఎత్తుతారు. తనే ఎత్తింది కదా ఇందాక.

పక్క కుర్చీ కిర్రుమంది. హెట్టీ లేచింది.

"నాకు చెప్పేది ఉంది" అంది. ముఖం కందగడ్డలా ఉంది. సభ వైపు కాదు, కింద కూర్చున్న ఎనిడ్ వైపు తిరిగింది. "మూడేళ్ళా! నా పక్కన నిలబడి మూడేళ్ళా! నీ నోట్లో ఏం ముళ్ళున్నాయే, ఒక్క మాట చెప్పడానికి?"

"హెట్టీ..." అంది ఎనిడ్.

"నోర్మూసుకో. నీ నోరు కదులుతుంది, గొంతు వినబడదు. నేనేమనుకుంటాను? నా చెవులే పోయాయనుకున్నాను! రెండుసార్లు డాక్టరు దగ్గరికి పోయాను. రాత్రీ పగలూ చెవుల్లో నూనె పోసుకుని దూది కుక్కుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు, చెవిటి పెళ్ళాం అంటాడని. నాకు నేనైనా వినబడాలని గొంతు చించుకుని అరిచాను. అరుస్తున్నానని ఈ ఇంగమ్ గారు నలుగురిలో నన్ను చివాట్లు పెట్టాడు. ఇందాక చెయ్యెందుకు ఎత్తానో తెలుసా? పియానో దగ్గర నిలబెడితే వినబడక మొదటి స్వరమే తప్పుతానని చచ్చేంత భయం! అందుకే ఎత్తాను! ఇంట్లో నిద్ర లేదు నాకు!"

ఇంగమ్ కళ్ళజోడు తీశాడు.

"మిసెస్ క్లఫ్" అన్నాడు ప్రెస్ట్‌విచ్ నెమ్మదిగా. "ఇది ప్రతిపాదనేనా?"

"కాదు. తిట్టు. ప్రతిపాదన కావాలంటే రాసుకోండి. ఆ బాయిలర్లో నీళ్ళు మరిగి మరిగి అడుగంటుతున్నాయి, ఎవరైనా వెళ్ళి దాన్ని ఆపండి."

విల్ఫ్ ముందు నవ్వాడు. తరువాత బేస్‌లు. నీలం టోపీ ఆవిడ నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ప్రెస్ట్‌విచ్ ఇంకెవరైనా లేస్తారేమోనని చూశాడు. ఎవరూ లేవలేదు. ఆయన కాగితం మీద ఏదో కొట్టేసి, తరువాతి అంశం అన్నాడు.

సభ ముగిశాక అందరూ లేచి, ఆ ఏడాది నాటకంలో ఆఖరి పాట పాడి టీకి వెళ్ళడం అక్కడ రివాజు. కుర్చీలు వెనక్కి జరిపారు. ఎనిడ్ చేతిసంచి తీసుకుని టీ బల్ల వైపు రెండడుగులు వేసింది. కప్పులు సర్దుదామనుకుంది. పాడని సభ్యురాలు ఇక చెయ్యవలసిన పని అదే కదా.

"ఎక్కడికే?" అంది హెట్టీ.

"కప్పులు..."

"కప్పులకి కాళ్ళు లేవులే, పారిపోవు. వచ్చి నిలబడు."

ఎనిడ్ వచ్చి మూడో చోట నిలబడింది. ఇంగమ్ పియానో మీద నాలుగు స్వరాలు వాయించి తల ఊపాడు. సొప్రానోలు అందుకున్నారు. ఆల్టోల వంతు వచ్చింది. అలవాటు చొప్పున ఎనిడ్ పెదాలు మొదటి మాటకి తెరుచుకున్నాయి. ఇప్పుడు ఎవరి కోసం ఈ నటన? దాచడానికి ఇంకేం మిగిలిందని? భయం పోలేదు. ఆ భయాన్ని తోసుకుంటూ ఊపిరి వదిలేసింది. గరగరమంటూ, చీలికలు పేలికలుగా, మగాడి గొంతులా ఒక చప్పుడు బయటికి వచ్చింది. రెండో మాటకీ వచ్చింది. మూడో మాటకి ఆగిపోయి, నాలుగోదానికి మళ్ళీ వచ్చింది.

హెట్టీ పాడుతూ పాడుతూనే తల ఇటు తిప్పింది. చెవి ఎనిడ్ నోటి దగ్గరికి తెచ్చి విన్నది. ఆమె ముఖం మెల్లగా విచ్చుకుంది.

"శ్రుతి దిగిపోతోందే నీకు" అంది.

"తెలుసు" అంది ఎనిడ్, తరువాతి వాక్యం అందుకుంటూ.